చచ్చిన పడవకు బారసాల

మూరీ
1972 జూన్ 9, శుక్రవారం

తమలేలో పరాయి పిల్లల చేత ఇంగ్లీషు పలికిస్తున్న మా అరబాకు, ఇక్కడ ఒడ్డున ఉప్పుగాలి తింటూ మేనమామ ఎబో రాసేది ఏమంటే,

అందరం బాగున్నాం. మీ అమ్మ బాగుంది. ‘బాగుందని రాయి’ అని పక్కనే నిలబడి చెప్పింది కూడా.

నాకు రెండు ఇంగ్లీషు మాటల మధ్య తేడా కావాలి. నా డిక్షనరీ సంగతి నీకు తెలుసు. నేను సెకొండీలో రైలు బండికి బ్రేకులు వేసే పనిలో ఉన్నప్పుడు, ఊరు విడిచి పోతున్న ఒక పాదిరి దాన్ని నాకిచ్చిపోయాడు. బడి మొహం చూడనివాణ్ణి. సెకొండీ నుంచి తార్క్వా వెళ్లేలోపు ఒక మాట, తిరిగొచ్చేలోపు ఒక మాట నేర్చుకునేవాణ్ణి. ఒకసారి ‘హిప్పోపొటమస్’ దగ్గర ఆలోచనలో పడి బ్రేకు ఆలస్యంగా వేశాను. స్టేషను మాస్టరు పెట్టిన తిట్లలో మూడు కొత్త మాటలు దొరికాయి. చదువు ఏ దారిన వస్తుందో చెప్పలేం. ఆ డిక్షనరీకి ఈ మధ్య చెద పట్టి ‘ఐ’ అక్షరం మొత్తం తినేసింది. తక్కినవేవీ ముట్టలేదు. ‘నేను’ అనే మాట మీద మనిషికే అంత మమకారం ఉంటే పురుగుకు ఉండదా?

సంగతేమంటే, నా స్నేహితుడొకడు సర్కారువారి చేపల ఆఫీసుకు ఒక అర్జీ పెట్టుకున్నాడు. వాళ్లు తిరిగి అడిగారు: ‘మీ నష్టం ఇర్రెపరబులా, ఇర్రిట్రీవబులా?’ నా చెవికి రెండూ ‘పోయింది, ఇంక ఏడువు’ అన్నట్టే ఉన్నాయి. జవాబు తప్పు రాస్తే పాపం వాడికి ఈ ఏటి కవళ్ల చేపల కాలం చేజారిపోతుంది. వాడెవడు, ఏం పోయింది అని అడగకు. తేడా మాత్రం రాయి.

చలిదేశం కాకపోయినా నీకు ఎప్పుడూ పడిశమే కాబట్టి మిరియాల పొడి పంపుతున్నాను. తుమ్మినప్పుడు నన్ను తలుచుకో.

నీ మామయ్య
ఎబో బెంట్సిల్


తమలే
1972 జూన్ 20, మంగళవారం

మామయ్యా,

ఈరోజు మంగళవారం. మన ఒడ్డున ఒక్కరూ సముద్రంలోకి దిగరు, సముద్రుడికి విశ్రాంతి. ఇక్కడ నాకెవరూ విశ్రాంతి ఇవ్వరు. క్లాసు మధ్యలో రాస్తున్నాను.

నీ ప్రశ్నను మా పిల్లల ముందే పెట్టాను. వీళ్లలో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకని బొమ్మ గీసి మరీ చెప్పాను. చేతిలోంచి జారి సముద్రం అడుగుకు పోయిన లంగరు ఇర్రిట్రీవబుల్. అది అక్కడ హాయిగానే ఉంది, దానికేం కాలేదు. మనకు అందదు, అంతే. బండకు కొట్టుకుని నిలువునా చీలిన పడవ ఇర్రెపరబుల్. అది మన కళ్ల ముందే ఉంది, చేత్తో తడమొచ్చు, కానీ ఇంక బాగుచేయలేం. ఒకటి దూరమైపోయిన నష్టం, ఇంకొకటి దగ్గరే ఉండి కాకుండా పోయిన నష్టం.

అడక్కపోయినా మూడోది కూడా చెబుతాను. ఇర్రెవొకబుల్. ఇది వస్తువుకు కాదు, మాటకు. పెద్దల ముందు ఒకసారి అనేశాక వెనక్కి పిలవలేని మాట.

ఫుసేనా అని ఒక పిల్ల లేచి, ‘టీచర్, ఒలికిపోయిన పాలు ఇందులో ఏది?’ అంది. నేను ఆలోచిస్తుంటే వెనక బెంచీ నుంచి ఇంకొకత్తె, ‘పిల్లినడుగు, అసలు నష్టమే కాదంటుంది’ అంది. క్లాసు అయిపోయింది.

ఆ స్నేహితుడెవరో నాకు తెలియదనుకున్నావా? నీ కట్టుడుపళ్లు మళ్లీ సముద్రంలో పడ్డాయి కదూ? అయితే ఇర్రిట్రీవబుల్ అని రాసెయ్. పళ్లు పెట్టుకుని పడవంచున వంగి తుమ్మొద్దని పోయినసారే చెప్పాను. మిరియాల పొడి మాత్రం పంపుతావు!

అమ్మను అడిగానని చెప్పు.

అరబా


మూరీ
1972 జూలై 2, ఆదివారం

అరబా, అమ్మాయ్,

నా పళ్లు నా నోట్లోనే ఉన్నాయి. అవి సముద్రంలో పడి ఉన్నా ఇంతకంటే సుఖంగా ఉండేది.

పోయింది మన పడవ. మన ‘మహారాణి’. మే నెల చివర ఒక తెల్లవారుజామున మంచులో దారి తెలియక, ఒడ్డుకు వస్తూ వస్తూ పెద్దబండకు కొట్టుకుంది. సరంగుతో సహా తొమ్మిదిమందీ ఈదుకుంటూ వచ్చారు, గోరు కూడా ఊడలేదు. పడవను అలలు తెచ్చి ఒడ్డున పడేశాయి, పక్కన నిలువునా చీలిక. ‘దానికి రాశావా, నీ వేళ్లు విరుస్తాను’ అంది మీ అమ్మ. అందుకే స్నేహితుడని రాశాను. కొత్త పడవకు అడవిలో ఒక మాను కొట్టుకోనిమ్మని చేపల ఆఫీసుకు నేనే అర్జీ పెట్టాను.

ఇప్పుడు విను. నీ ఉత్తరం వచ్చిన రోజు ఎప్పటిలాగే పొగపొయ్యి దగ్గర కూర్చుని మన మాటలోకి మార్చి చదివాను. మీ అమ్మ చేపలు తిప్పుతూ వింది. ‘బండకు కొట్టుకుని నిలువునా చీలిన పడవ’ దగ్గరకు రాగానే చేతిలో చేప చేతిలోనే ఆగిపోయింది.

‘ఒరేయ్ ఎబో, పడవ సంగతి దానికి రాశావా?’

‘నీ మీద ఒట్టు అక్కా, రాయలేదు.’

‘బండ అని దానికెవరు చెప్పారు?’

‘ఎవరూ చెప్పలేదు.’

‘నిలువునా అని?’

‘అదేదో పిల్లలకు చెప్పిన ఉదాహరణ అక్కా...’

‘నోరుముయ్. ఉదాహరణట! తమలే ఎక్కడ, మూరీ ఎక్కడ? చెప్పనిది దానికెట్లా తెలుస్తుంది? పలికింది అది కాదురా. దాని నోట పోయిన మా అమ్మ పలికింది.’

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు నాకు చెప్పకుండా నల్లబట్ట కట్టుకుని, జిన్ను సీసా తీసుకుని, జాలరిపెద్ద ఇంటికి పోయి, మనిషి చావు ఎట్లా చెబుతారో అట్లాగే చెప్పింది. ‘నా మహారాణి ఊరికి పోయింది’ అని. ఆయన కూడా మనిషి చావుకు చేసినట్టే నేల మీద మూడు చుక్కలు వదిలి, తక్కింది తాగాడు. తాగాడంటే ఒప్పుకున్నట్టే. ఇప్పుడు పడవ మెడకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి మీ అమ్మతో పరామర్శగా చెయ్యి కలిపి పోతున్నారు. మీ అమ్మ మొక్కజొన్న కెంకే ముద్ద కూడా సరిగా తినడం లేదు. చచ్చిన పడవ నీళ్లలోకి పోకూడదు. కొత్త మానుకు ఆఫీసువాళ్లు వచ్చే ఏడు చూద్దామన్నారు.

మన పడవవాళ్లు తొమ్మిదిమందినీ, మీ అమ్మకు పోటీగా పడవలు నడిపే అద్వువా ఇంటికి పిలిచి వేపుడు చేపలతో భోజనం పెడుతోంది. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. కవళ్లు వచ్చే నెలలో ఒడ్డుకు వస్తాయి. పడవ లేక, మనుషులు లేక, ఈ ఒడ్డున మీ అమ్మ ఎవరు?

నిన్ను నిందించడం లేదు. ఉదాహరణకు మామిడిపండో, సైకిలో చెబితే ఏం పోయేదని మాత్రం ఒక్కసారి అనుకున్నాను.

మామయ్య


తమలే
1972 జూలై 10, సోమవారం

మామయ్యా,

ఉదాహరణ! వట్టి ఉదాహరణ! మూరీలో పుట్టినదాని నోటికి పడవ కాక సైకిలు ఎట్లా వస్తుంది? ఆ ఒడ్డున బండలు తప్ప ఏమున్నాయి? ఏడాదికి ఒక పడవైనా వాటికి తగలకుండా ఉంటుందా? మా అమ్మమ్మ పలకాలనుకుంటే తమలే దాకా రావాలా? నీ పక్కింట్లోనే పలికేదిగా!

రెండు సంగతులు అడుగుతాను, కథలు చెప్పకుండా జవాబు రాయి. ఒకటి: ఆ చీలికను పడవలు చెక్కేవాడెవడైనా చూశాడా? బాగుచేయడానికి ఎవరూ చెయ్యి పెట్టకుండానే ఇర్రెపరబుల్ అంటే, అది నష్టం పేరు కాదు మామయ్యా, బద్ధకం పేరు. రెండు: జాలరిపెద్ద తన మాట వెనక్కి తీసుకుంటాడా?

అమ్మకు విడిగా రాస్తున్నాను, పడవ చావలేదని, ఏడవొద్దని.

నాకు మా పిల్లల ముందుకు వెళ్లాలంటే సిగ్గుగా ఉంది. బోర్డు మీద ఆ బొమ్మ ఇంకా చెరపలేదు.

అరబా


మూరీ
1972 జూలై 18, మంగళవారం

అమ్మాయ్,

కథలు చెప్పకుండా రాయమన్నావు. చేపను ఈదకుండా రమ్మన్నట్టుంది. సరే.

నువ్వు మీ అమ్మకు రాసింది చదివి వినిపించాను. ‘పాపం, బిడ్డ తట్టుకోలేకపోతోంది. ఎవరు పోయినా మొదట్లో అందరూ అట్లాగే అంటారు, పోలేదు పోలేదని’ అని నీకోసం ఇంకో దఫా ఏడ్చింది. కాబట్టి ఆ దారి మూసుకుంది.

నీ మొదటి ప్రశ్న. విన్నెబా నుంచి ముసలి యార్ట్సన్‌ను పిలిపించాను, పడవలు చెక్కడంలో ఆయన తర్వాతే ఎవరైనా. మనిషి లారీ దిగగానే ముందు సూపు కావాలన్నాడు, సూపయ్యాక కునుకు కావాలన్నాడు. సాయంత్రానికి లేచి పడవ చుట్టూ తిరిగాడు. కొయ్యసుత్తితో తట్టి చెవి ఆనించాడు, మళ్లీ తట్టాడు. చివరికి నవ్వాడు. చీలింది పైన వేసిన పక్కచెక్క. కింద అసలు దోనెకు పట్టింది రెండు బారల చీలికేనట. ఇనప పట్టీలు నాలుగు, బూరుగుదూది, తారు. వారం పని.

‘అయితే రేపే మొదలుపెట్టండి’ అన్నాను.

‘ఆ ఎర్రగుడ్డ ఏమిటి?’ అన్నాడు. చెప్పాను. సుత్తి సంచిలో పెట్టేసుకున్నాడు. ‘నేను వడ్రంగిని బాబూ. జబ్బు పడవకు వైద్యం చేస్తాను గానీ శవానికి చెయ్యను. నా చేతులు ఇంకా చాలా పడవలు పట్టుకోవాలి.’

నీ రెండో ప్రశ్న. జాలరిపెద్ద దగ్గరికి వెళ్లి, పెద్దాయనా, పొరపాటయింది, ఆ చావుకబురు వెనక్కి తీసుకుంటాం అన్నాను.

‘తీసుకో. ముందు నా జిన్ను సీసాలోకి వెనక్కి పొయ్యి.’

‘కొత్త సీసా తెస్తాను.’

‘కొత్త సీసా కొత్త కబురుకి. పాత కబురు నా కడుపులో ఉంది. ఎబో, ఇవాళ నీ పడవ చావు నేను మింగి కక్కితే, రేపు ఈ ఒడ్డున నేను చెప్పే ఏ మాటైనా నిలుస్తుందా? మంగళవారం వల వెయ్యకురా అంటే, నిన్న వద్దన్నావు ఇవాళ సరే అను అంటారు.’

మనిషి మంచివాడే. మాటా నిజమే. అదే చిక్కు. నువ్వు ఉచితంగా పడేసిన మూడో మాట నా మెడకు చుట్టుకుంది. పడవ ఇర్రెపరబుల్ కాదు, కానీ దాని చావు ఇర్రెవొకబుల్.

ఆగస్టు మొదటి సోమవారం మనవాళ్లను తన పడవల్లో ఎక్కించుకుంటానని అద్వువా అందరికీ చెప్పేసింది. సరంగు నా మొహం చూడలేక వేరే సందులోంచి పోతున్నాడు. యార్ట్సన్ ఇంకా ఇక్కడే ఉన్నాడు, సూపు నచ్చింది. నాకు ఇంక దారి తోచడం లేదు.

మామయ్య


తమలే
1972 జూలై 24, సోమవారం

మామయ్యా, దీన్ని అమ్మకు చదువు. నీ సొంతం ఏమీ కలపకు.

అమ్మా,

నా నోట అమ్మమ్మ పలికిందన్నావు. అయితే ఇది కూడా విను.

నాకు ముందు ఇద్దరు ఆడపిల్లలు నీ చేతుల్లోనే పోయారు. వాళ్లు పోలేదని నువ్వెప్పుడూ అనలేదు. పోయారనే చెప్పావు, పెద్దలు తాగారు, ఎవరూ మాట వెనక్కి తీసుకోలేదు. తర్వాత నేను పుట్టాను. నన్ను ఒళ్లోకి తీసుకున్నావా? ఎండుతాటాకుల బుట్టలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేయించావు. అటుగా పోతున్న పరాయి మనిషి ‘ఇదేదో దొరికింది, కొంటావా’ అని తెచ్చి నీకే అమ్మింది. ‘ఇంత పనికిమాలినదాన్ని నేనేం చేసుకుంటాను’ అని చావు నన్ను వదిలి వెళ్లిపోయింది. బడిలో వేసేదాకా నన్ను అరబా అని ఎవరూ పిలవలేదు. అందరికీ నేను పెంటకుప్పనే.

మహారాణి చచ్చిపోయింది. సరే, నేనూ ఒప్పుకుంటున్నాను. చచ్చినవాళ్లు మళ్లీ పుట్టకూడదని జాలరిపెద్ద ఎప్పుడన్నాడు?

నీ కూతురు


మూరీ
1972 ఆగస్టు 8, మంగళవారం

మా ఇంటి పండితురాలికి,

ఇవాళ సముద్రానికి సెలవు, నాకూ సెలవు. కూర్చుని తీరిగ్గా రాస్తాను, అడ్డు రాకు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. మీ అమ్మ పొయ్యి మీద చేపలన్నీ తిప్పింది. తర్వాత నల్లబట్ట విప్పేసి, ఆకుపచ్చ బట్ట కట్టుకుని, సరాసరి ఎక్కడికి పోయిందనుకున్నావు? అద్వువా గుమ్మంలోకి! ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవని ఒడ్డంతా ఎరుగును. నేను వెనకే పరిగెత్తాను.

‘అద్వువా, ఆదివారం పొద్దున పెంటకుప్ప వైపు వస్తావా?’

‘ఎందుకు, నన్ను పారెయ్యడానికా?’

‘నాదొకటి పారేస్తున్నాను. ఏరుకోవడానికి మనసులో ప్రేమ లేనివాళ్లు కావాలి. ఈ ఒడ్డున నేనంటే గిట్టనిదానివీ, దొరికిందల్లా ఏరుకునేదానివీ నువ్వే.’

అద్వువా రెండు వేళ్లు మడిచింది. ‘రెండూ నిజమే. వస్తాను.’

ఆదివారం మనవాళ్లు తొమ్మిదిమందీ, ఇంకో ఇరవైమందీ పట్టి మహారాణిని ఒడ్డు చివర పెంటకుప్ప మీదికి లాగారు. ఎర్రగుడ్డ విప్పి పాతిపెట్టారు. అందరం వీపు తిప్పి పదడుగులు వచ్చి నిలబడ్డాం. వెనక్కి తిరిగి చూడకూడదు కదా, నేను ఒక్క కన్నుతోనే చూశాను. అప్పుడు అద్వువా ఇటు నుంచి వచ్చింది, తీరుబడిగా, సంతకు వచ్చినట్టు.

‘ఏమిటిది? ఎవరిదో దుంగ! దొరికింది నాకు!’ అని పడవ చుట్టూ తిరిగింది. తట్టింది. ‘బాగుందే. నా పొగపొయ్యికి మూడు నెలల కట్టెలు.’

జనం నోళ్లు నొక్కుకున్నారు. అక్కడ మెలిక అర్థమైందా నీకు? మీ అమ్మ ‘అయ్యో, నాది’ అనకూడదు. ప్రేమ చూపిస్తే చావు పసిగట్టేస్తుంది. అద్వువా నిజంగానే ఇంటికి లాక్కుపోతే అడిగేవాడు లేడు! మీ అమ్మ మొహం మాత్రం ఎండిన చేపలా ఉంది.

‘తీసుకుపోవమ్మా, పీడ పోతుంది’ అంది.

‘తీసుకుపోతాను.’

‘లాగడానికి మనుషులు కావాలా?’

అద్వువా కళ్లు చిట్లించింది. ‘ఇంత తేలిగ్గా వదిలేస్తోందంటే ఇందులో ఏదో దోషం ఉంది. నాకొద్దు. ఎవరైనా కొంటారా?’

‘పొయ్యిలోకైనా పనికొస్తుందేమో. ఒక పొగచేప ఇస్తాను. తల లేనిది.’

‘తల కావాలి.’

‘నీకుందిగా, వాడవేం?’

‘నాది దాచుకుంటున్నాను, ముసలితనానికి. తల ఉన్న చేపైతే ఇస్తాను, లేకపోతే ఇప్పుడే గొడ్డలి తెప్పిస్తాను.’

మీ అమ్మ తలున్న చేప ఇచ్చింది. అద్వువా అక్కడే నిలబడి, పెంటకుప్ప మీదే, దాన్ని తల నుంచి తోక దాకా తిన్నది. తిని, ‘ఉప్పు ఎక్కువైంది మాన్సా’ అంది. ఆరేళ్ల తర్వాత మీ అమ్మను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

అంతే, యార్ట్సన్ సంచి విప్పాడు. శవాన్ని ముట్టనన్నాడు గానీ పసిబిడ్డకు జబ్బు చేస్తే చూడనన్నాడా? బారసాల దాకా పట్టీలు కొడుతూనే ఉన్నాడు. మొన్న ఆదివారం బారసాల. జాలరిపెద్దే స్వయంగా వచ్చాడు. పసిబిడ్డకు నిజం చెప్పడం నేర్పినట్టే, పడవ ముక్కు మీద మూడు చుక్కలు నీళ్లు వేసి, ‘నీళ్లు చూస్తే నీళ్లే అను’ అన్నాడు. మూడు చుక్కలు జిన్ను వేసి, ‘జిన్ను చూస్తే జిన్నే అను’ అన్నాడు. పేరు పెట్టాడు: ‘పెంటకుప్ప’. నావైపు తిరిగి, ‘మహారాణి చచ్చిందన్నాను, చచ్చే ఉంది. నా మాటకేమైనా అయిందా?’ అన్నాడు. కాలేదన్నాను. మిగిలిన జిన్ను ఇద్దరం తాగాం.

చేపల ఆఫీసుకు నేనే జవాబు రాశాను. మీరడిగిన రెండు రకాల నష్టాల్లో మాకేదీ లేదు, ఇంట్లో ఒక కాన్పు మాత్రం జరిగింది, అడవిలో మాను మీరే ఉంచుకోండి అని.

నిన్న సోమవారం చీకటితోనే పెంటకుప్ప సముద్రంలోకి దిగింది. తొమ్మిదిమందీ వచ్చారు. ‘మరి అద్వువా పెట్టిన భోజనం?’ అని సరంగును అడిగితే, ‘భోజనం తిన్నాం, ఒట్టు వెయ్యలేదుగా’ అన్నాడు. మధ్యాహ్నం దాకా ఒడ్డున ఎవరూ కూర్చోలేదు. ఆ పట్టీలు ఆగుతాయా, ఆ తారు పడుతుందా అని యార్ట్సన్ సూపు కూడా ముట్టలేదు. మీ అమ్మ సముద్రం వైపు చూడకుండా, చూడనట్టు చూస్తూ నిలబడింది.

అదిగో అరబా, మన పడవ వచ్చింది! పెద్దబండకు అవతలి నుంచి, అంచు నీళ్లకు జానెడు పైన ఉందో లేదో అన్నట్టు, లోపలంతా వెండి. కవళ్లు! నిలబడటానికి చోటు లేక మనవాళ్లు చేపల్లో మోకాళ్ల దాకా కూరుకుపోయి పాడుతున్నారు. ఒక్క చుక్క నీరు తోడటం లేదు!

ఒడ్డంతా ఒక్కసారి నోరు తెరిచి, మూసుకుంది. ఎవరికీ మెచ్చుకోవడానికి లేదే! మెచ్చుకుంటే చావు వినదూ? ఎవరో ముసలమ్మ మొదలుపెట్టింది: ‘ఛీ, పాడుమొహందానా!’ అంతే. మూరీ మొత్తం అందుకుంది. కుళ్లు దుంగా! చచ్చు కర్రా! కుక్కలు ముట్టనిదానా! అద్వువా తన పొయ్యి దగ్గర నుంచే, ‘ఆ కంపు దుంగని నాకెవరైనా ఊరికే ఇచ్చినా వద్దంటాను!’ అని అందరికంటే గట్టిగా అరిచింది. డప్పులు మోగాయి. జాలరిపెద్ద తన హోదాకు తగ్గ తిట్టు ఏదో వెతుక్కుని, ‘అప్రయోజకురాలా!’ అన్నాడు.

మీ అమ్మ రొమ్ముల లోతు నీళ్లలోకి నడిచిపోయింది, బట్టతోనే. పడవ ముక్కు రెండు చేతులా పట్టుకుని, చెంప ఆనించి, దాని చెవిలో చెప్పినట్టు, కానీ పది ఊళ్లకు వినపడేటట్టు తిట్టింది. దిక్కుమాలినదానా, ఎందుకొచ్చావే, నిన్నెవరు రమ్మన్నారే, పెంటకుప్పా, నా పెంటకుప్పా! నా యాభై తొమ్మిదేళ్లలో ఎవరూ ఎవరినీ అంత గొప్పగా తిట్టగా వినలేదు. సముద్రం కూడా కాసేపు తగ్గి నిలబడింది.

నేనూ పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగి ఒక తిట్టు తిట్టాను. ఆడపిల్లకు రాసే ఉత్తరంలో రాయదగింది కాదు కాబట్టి ఇంతటితో ముగిస్తున్నాను.

ఒళ్లంతా పొలుసులతో,
మామయ్య ఎబో